టేకు, నల్లమద్ది కర్రతో కరెంటు పోల్స్ వేయొచ్చా? ముందు చేవ, తర్వాత నేల దగ్గరి మూరెడు చోటు చూడాలి

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ములుగు జిల్లా తాడ్వాయి వైపు అడవిలో మీ గూడెం, ట్రాన్స్‌ఫార్మర్ నుంచి అక్కడికి ఆరు వందల మీటర్ల తక్కువ వోల్టేజీ ఎల్‌టీ లైను, మధ్యలో ఒర్రె (చిన్న వాగు). ఒర్రె అవతల నాలుగు సిమెంటు పోల్స్ గాలికి విరిగాయి, కొత్తవి మోసుకుపోవడానికి ట్రాక్టర్ పోయే దారి లేదు. మీ నాన్న గట్ల మీద పెట్టిన పాతికేళ్ల టేకు ఉంది, చెల్కలో మూడు పాత నల్లమద్దులు ఉన్నాయి. వాటితో పోల్స్ చేయిస్తే చెద, బూజు మందు పట్టించకుండా ఎన్నేళ్లు నిలుస్తాయి, అందుకోసం చెట్టు కొట్టడం తప్పా అని అడిగావు.

ముందే చెప్తాను. సరైన కర్ర, సరిగ్గా పాతితే మందు లేకుండానే నిలుస్తుంది. కానీ టేకు ఇప్పుడు కొట్టొద్దు. నల్లమద్దుల్లో ఒక్కటి కొట్టొచ్చేమో, అది కూడా కొలిచి చూశాకే. ఎందుకో చెప్పాలంటే కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదువు.

మాది హన్మకొండ, వడ్రంగుల ఇల్లు. నేను బాడిశ వదిలి లైన్ల పనికి పోయాను. ముప్పై రెండేళ్లు పోల్స్ పాతాను, ఎక్కాను, తీగలు లాగాను. అందుకని కర్రను వడ్రంగి కంటితోనూ, ఎక్కేవాడి భయంతోనూ చూస్తాను.

ఏ మానైనా అడ్డంగా కోస్తే లోపల ముదురు రంగులో ఉండేది చేవ, దాని చుట్టూ బెరడు కింద ఉండే తెల్ల పొర చేవ కాదు. ఆ తెల్ల పొర చెట్టు బతికున్నప్పుడు నీళ్లు మోసేది. అందులో చెదకూ బూజుకూ కావలసిన తిండి ఉంటుంది. టేకైనా సరే, ఏగిసైనా సరే, తెల్ల పొర మట్టిలో రెండు మూడు వానాకాలాలకు మించి ఆగదు. చెట్టు వయసు పెరిగేకొద్దీ లోపలి భాగంలో నూనెలు, రంగు పదార్థాలు చేరి, పురుగుకు విషమయ్యే చేవగా మారుతుంది. టేకును ఉలితో చెక్కితే వచ్చే ఆ తోలు వాసన, చేతికి తగిలే జిడ్డు అవే. పాతికేళ్ల గట్టు టేకులో తెల్ల పొర ఎక్కువ, చేవ తక్కువ. పైగా చేవ కట్టిన చోట కూడా పాత అడవి టేకుకున్నంత మన్నిక ఇంకా రాలేదు. చూడ్డానికి నిటారుగా, పోల్ కోసమే పెరిగినట్టు ఉంటుంది, అందుకే అందరూ మోసపోతారు.

ఈ తెల్ల పొర పోతే ఏమవుతుందో లెక్కేసి చూడు. గుండ్రటి పోల్ వంపును తట్టుకునే బలం దాని అడ్డుకొలత ఘనాన్ని బట్టి ఉంటుంది. నేల దగ్గర 20 సెంటీమీటర్లున్న పోల్‌కు చుట్టూ 2 సెంటీమీటర్లు పుచ్చితే మిగిలేది 16. చూడ్డానికి పెద్ద తేడా కనిపించదు, కానీ బలం సగానికి పడిపోతుంది. అదే పోల్‌కు నడిమధ్యలో 10 సెంటీమీటర్ల బొక్క పడి, చుట్టూ కర్ర గట్టిగా ఉంటే పోయే బలం ఆరేడు శాతమే. అంటే పోల్‌ను నిలబెట్టేది బయటి వరుస. ఆ బయటి వరుసే తెల్ల పొర అయితే మనం పోయేదాన్ని నమ్ముకుని ఎక్కుతున్నట్టు. అందుకని మందు పట్టించని పోల్‌కు చేవ అడ్డుకొలతనే లెక్కలోకి తీసుకోవాలి. తెల్ల పొరను లేనట్టే అనుకోవాలి, వీలైతే చెక్కేయాలి.

ఇది నేను పుస్తకంలో చూసి తెలుసుకున్నది కాదు. పనిలో చేరిన కొత్తలో ఒక కాంట్రాక్టరు దగ్గర ఉన్నాను. పేరు అక్కర్లేదు. ఒక మామిడితోటలోకి వేసిన లైనుకు టేకు గుంజలు వాడారు. అడుగు భాగానికి రెండు పూతలు తారు వేశారు, నిగనిగలాడేవి. మూడో వానాకాలం తర్వాత తీగ సరిచేయడానికి నాతో పనిచేసే కుర్రాడు ఎక్కాడు. నేను కింద తాడు పట్టుకుని ఉన్నాను. పటుక్కున కూడా అనలేదు, మెత్తగా ఒరిగింది. అతని కాలు రెండు చోట్ల విరిగింది. తర్వాత మట్టి తవ్వి చూస్తే తారు పొర గొట్టంలా అలాగే ఉంది, దాని లోపల తెల్ల పొరంతా తడిసిన అటుకుల్లా చేతికి వచ్చింది. పచ్చి కర్రకు తారు పూసి లోపలి తడిని బయటికి పోనివ్వకుండా బంధించారు. ఆ తారు లేకపోతే కనీసం పుచ్చు బయటికి కనిపించేది, అతను ఎక్కేవాడు కాదు. ఆ రోజు నుంచి కర్ర పోల్ మొదట్లో మూరెడు లోతు తవ్వి, స్క్రూడ్రైవర్‌తో గుచ్చి, సుత్తెతో కొట్టి శబ్దం వినకుండా నేను ఎక్కలేదు, ఎవర్నీ ఎక్కనివ్వలేదు. గట్టి కర్ర ఖణేలుమంటుంది. డొల్ల కర్ర శబ్దాన్ని మింగేస్తుంది.

ఇక ఏ మాను ఎంత మన్నుతుందన్నది. డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు మన దేశపు కర్రలు చాలావాటిని చిన్న మేకుల్లా చేసి, సగం మట్టిలో పాతి, ఏళ్ల తరబడి చూస్తూ వచ్చారు. చేవ సగటున 120 నెలలు, అంతకన్నా ఎక్కువ ఆగితే మొదటి తరగతి. 60 నుంచి 120 నెలలైతే రెండోది, 60 నెలల లోపైతే మూడోది. ఆ మేకులు 5 సెంటీమీటర్ల మందమే కాబట్టి పోల్‌కు ఆయుష్షు అంతకన్నా ఎక్కువే వస్తుంది. టేకు, ఏగిస, సండ్ర, నారేప మొదటి తరగతివి. నారేప మరీ బరువు, ఎండినా నీళ్లలో మునుగుతుంది. మన ఊళ్లలో పందిరి గుంజలకు కొడిశె వాడేవాళ్లు, అది చెదకు లొంగదని మా నాన్న చెప్పేవాడు, కానీ పోల్‌కు కావలసినంత లావూ పొడుగూ దొరకదు. మీ నల్లమద్ది బలంలో టేకుకు తీసిపోదు, మట్టిలో మన్నికకు మాత్రం ఒక మెట్టు కింద. పైగా తొందరపడి ఎండలో ఆరబెడితే నిలువునా పగుళ్లిస్తుంది.

బయటి దేశాల్లో ఇది వింత విషయమేమీ కాదు. దక్షిణ అమెరికాలోని గయానాలో వల్లబా అనే అడవి చెట్టు కర్రను మందు లేకుండానే కరెంటు స్తంభాలుగా నిలబెడతారు, పక్కనున్న కరీబియన్ దీవులకూ పంపారు. దాని చేవలో ఉండే బంకే దానికి కాపలా. ఆస్ట్రేలియాలో ఇప్పటికీ లక్షల కొద్దీ కర్ర పోల్స్ ఉన్నాయి. అక్కడి ఐరన్‌బార్క్ మన జామాయిల్‌కు దాయాదే, యూకలిప్టస్ జాతిదే. కానీ అది దశాబ్దాల పాటు నిదానంగా పెరిగిన చెట్టు. కాగితం మిల్లుకు నాలుగైదేళ్లకే కొట్టే మన జామాయిల్‌లో చేవ అన్నదే సరిగ్గా కట్టదు. ఆ కర్రను ఉన్నదున్నట్టు పాతి, రెండేళ్లకు విరిగిందని కర్ర పోల్స్ అన్నిటినీ తిట్టేవాళ్లను చాలామందిని చూశాను. మన దేశంలోనూ కర్ర పోల్స్‌కు ఐఎస్ 876 అని ప్రమాణం ఉంది. పాత విద్యుత్ నిబంధనల్లో యంత్రంతో చేసిన సిమెంటు పోల్‌కు 2 రెట్ల భద్రత అడిగితే కర్ర పోల్‌కు 3 రెట్లు అడిగారు. కర్ర కర్రకూ తేడా ఉంటుంది కాబట్టి అది న్యాయమే.

ఇప్పుడు నేల దగ్గరి సంగతి. ఈ సమాధానంలో ఇంకేదీ గుర్తులేకపోయినా ఇదొక్కటి గుర్తుంచుకో.

పోల్ పుచ్చేది నేల మట్టం నుంచి కింద మూరెడు లోతు వరకు. పైన గాలికి ఆరిపోతుంది కాబట్టి బూజు బతకదు. బాగా లోతున గాలి అందదు కాబట్టి అక్కడా బతకడం కష్టం. తడీ గాలీ రెండూ దొరికేది ఈ మూరెడు చోటే. గాలి కొట్టినప్పుడు వంపు బలం ఎక్కువగా పడేదీ అక్కడే. రెండు కష్టాలూ ఒకే చోట. మన పాత ఇళ్లు కట్టినవాళ్లకు ఇది తెలుసు. వరంగల్ చుట్టుపక్కల ఊళ్లలో పాత భవంతి ఇళ్లు చూడు, టేకు స్తంభం ఎప్పుడూ రాతి పీట మీద నిలబడుతుంది, మట్టిలో దిగదు. వందేళ్ల స్తంభం అడుగున ఇప్పటికీ ఉలి దిగదు.

కరెంటు పోల్‌కు రాతి పీట చాలదు, వంపు తట్టుకోవాలి కదా. పొలం చుట్టూ పాతే రాతి కడీకి కర్రను బిగిస్తే చాలదా అని అడిగేవాళ్లున్నారు. ఇంటి ముందు సోలార్ దీపానికైతే చాలు. లైను పోల్‌కు వద్దు. రాయి నిలువు బరువు మోస్తుంది, వంపు పడితే చెప్పకుండా విరుగుతుంది. దానికి బదులు రెండు గాల్వనైజ్ చేసిన ఇనుప ఛానెళ్లను కాంక్రీటులో నిలబెట్టి, వాటి నడుమ కర్రను బోల్టులతో బిగించి, కర్ర అడుగు నేలకు జానెడు పైన ఉండేలా చూడాలి. ఖర్చు కొంచెం ఎక్కువే. కానీ అప్పుడు నల్లమద్ది కూడా టేకులా మన్నుతుంది, రేపు కర్ర మార్చాలన్నా గుంత తవ్వే పని లేదు.

అంత ఖర్చు పెట్టలేక నేరుగా పాతాల్సి వస్తే, పొడుగులో ఆరో వంతు లోతు అన్నది పాత లెక్క. 8 మీటర్ల పోల్‌కు అది 1.33 మీటర్లు వస్తుంది, నేనైతే 1.5 మీటర్లు తవ్విస్తాను. అడుగున రాళ్లు పరిచి నీళ్లు దిగిపోయేలా చేసి, చుట్టూ తవ్విన మట్టి కాకుండా మొరం పోసి, జానెడు జానెడుకూ దిమ్మిసతో గట్టిగా కొట్టాలి. నేల మట్టానికి మొరాన్ని గుట్టలా ఎత్తుగా చేస్తే వాన నీళ్లు పోల్ మొదట్లో నిలవవు. పోల్ చుట్టూ గిన్నెలా సిమెంటు కట్టొద్దు, అది నీళ్ల తొట్టి అవుతుంది. పై కొనను ఏటవాలుగా కోసి రేకు టోపీ పెట్టాలి. చాలామంది మర్చిపోయేది అదే. కొన నుంచి దిగే నీళ్లు నడిమధ్యకు పోతాయి.

గాలి గురించి కూడా ఒక మాట. 2024 ఆగస్టు 31న మీ తాడ్వాయి–మేడారం అడవిలో ఒక్క గాలికి వేల చెట్లు కూలాయి. నువ్వు చూసే ఉంటావు, చాలా చెట్లు వేళ్లతో సహా లేచాయి. అలాంటి గాలికి ఏ పోలూ ఆగదు. మామూలు గాలివానకు మాత్రం లైను మలుపు తిరిగే చోట, చివరి పోల్ దగ్గర స్టే వైరు (పోల్ ఒరగకుండా నేలలోకి లాగి కట్టే తీగ) లేకపోవడమే సగం అనర్థాలకు కారణం. మీ నాలుగు పోల్స్ కూడా వరసగా పడ్డాయంటే ఒకటి పడి మిగతావాటిని లాగి ఉంటుంది. మొదట పడిన పోల్ దగ్గర స్టే ఉందో లేదో చూడు. కర్ర పోల్ వేసినా స్టే తప్పదు.

వేసవిలో మీ వైపు ఇప్పపువ్వు ఏరడానికి చెట్ల కింద ఆకులు కాలుస్తారు. ఆ మంట పాకుతూ వస్తే పోల్ మొదలు బొగ్గవుతుంది. మాఘం దాటగానే పోల్ చుట్టూ రెండు మూరల మేర ఆకు, గడ్డి లేకుండా చెక్కించాలి. గూడెంలో ఒకరికి ఆ పని అప్పగించండి.

ఇప్పుడు అసలు ప్రశ్న, చెట్టు కొట్టడం తప్పా? నేను పెట్టుకున్న కొలమానం ఒకటే. చెట్టు ఆ లావు కావడానికి ఎన్నేళ్లు పట్టిందో దాదాపు అన్నేళ్లు పోల్ నిలబడాలి, ఆ లోపు దాని చోట ఇంకో చెట్టు ఎదగాలి. యాభై అరవై ఏళ్ల చెట్టును కొట్టి, పచ్చిగా పాతి, ఏడేళ్లకు పారేస్తే అది అడవిని తినడమే. అదే చెట్టు ఛానెళ్ల మీద నలభై యాభై ఏళ్లు నిలబడి, ఈలోగా నువ్వు పది మొక్కలు పెట్టి పెంచితే తప్పేముంది? సిమెంటూ ఇనుమూ కూడా ఎక్కడో కొండను తవ్వి, బొగ్గు కాల్చి చేసినవే.

నల్లమద్దిని కొట్టే ముందు ఇంకొకటి చూడు. మహదేవ్‌పూర్, చెన్నూరు వైపు దసలి పట్టు పురుగులను పెంచేది మద్ది ఆకు మీదే. మీ దగ్గర ఎవరైనా ఆ పని చేస్తుంటే ఆ చెట్టు వాళ్లకు అన్నం. ఆకు దట్టంగా ఉన్న చెట్టును వదిలేయండి.

చట్టం కూడా చెప్పాలి. పట్టా భూమిలోదైనా సరే, అటవీశాఖ అనుమతి లేకుండా కొట్టొద్దు. నీరు, నేల, చెట్ల రక్షణకు వాల్టా చట్టం ఉంది, కలప రోడ్డెక్కితే పర్మిట్ కావాలి. అడవిలోని చెట్టును అసలు ముట్టొద్దు. 1996 డిసెంబరు 12న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశం తర్వాత అడవిలో నరికివేత వర్కింగ్ ప్లాన్ (ప్రభుత్వం ఆమోదించిన అటవీ ప్రణాళిక) ప్రకారమే జరగాలి. అటవీ హక్కుల చట్టం గూడేనికి వెదురు, తునికాకు లాంటి వాటి మీద హక్కు ఇచ్చింది, కలప మీద ఇవ్వలేదు. కానీ అదే చట్టంలో మీకు పనికొచ్చే మాట ఒకటుంది. 3(2) సెక్షన్ కింద గ్రామసభ సిఫారసుతో కరెంటు లైను కోసం ఒక హెక్టారు లోపు అటవీ భూమిని, హెక్టారుకు 75 చెట్లకు మించకుండా, వాడుకోవడానికి అనుమతి ఇవ్వొచ్చు. లైను దారి మార్చాల్సి వస్తే గ్రామసభలో ఆ తీర్మానం పెట్టండి. చెట్టు కొట్టే ముందు అటవీశాఖ కలప డిపో వేలంలో మొదటి తరగతి మొద్దులేమైనా వస్తున్నాయేమో అడుగు. కాగితాలతో సహా దొరుకుతాయి.

లైను మాత్రం మీరు సొంతంగా వేయకండి. కరెంటు సెక్షన్ ఆఫీసులో ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) గారికి దరఖాస్తు ఇచ్చి, దారి లేదని, కర్ర మేమే ఇస్తామని రాసి, వాళ్ల ఎస్టిమేట్‌లో చేర్పించాలి. వాళ్లు ఒప్పుకోకపోతే వాళ్ల మాటే చివరిది. కరెంటు దగ్గర మన పంతం పనికిరాదు.

మందు పట్టించిన కర్ర సంగతి కూడా చెప్పకపోతే అన్యాయం. 1933లో అదే డెహ్రాడూన్ సంస్థలో పనిచేస్తూ రాగి, క్రోమియం, ఆర్సెనిక్ లవణాలతో కర్రకు మందు కనిపెట్టింది మన తెలుగు శాస్త్రవేత్త సొంటి కామేశం. సీసీఏ అంటారు, ప్రపంచమంతా దాన్ని స్తంభాలకు వాడింది. దాన్ని ఒత్తిడితో లోపలికి పంపిస్తారు. తెల్ల పొర మందును బాగా తాగుతుంది, చేవ తాగదు. అందుకే మన జామాయిల్ లాంటి లేత కర్రకు అది సరిగ్గా సరిపోతుంది. వందల పోల్స్ కావాల్సి వస్తే అడవి చేవ కర్ర అడగడం కన్నా తోట జామాయిల్‌కు మందు పట్టించడమే మేలని నా నమ్మకం. పదేళ్లలో మళ్లీ పెరుగుతుంది. కానీ అందులో ఉన్నది ఆర్సెనిక్. ముక్కలను పొయ్యిలో పెట్టకూడదు, బావి గట్టున పాతకూడదు. గూడెంలో విరిగిన పోల్ వంటచెరకు కాకుండా ఎవరూ ఆపలేరు, అందుకే మీకు దాన్ని చెప్పడం లేదు.

మీకు కావలసింది నాలుగే. అడ్డుకొలతలో 60 సెంటీమీటర్ల చేవ ఉన్న నల్లమద్ది మొద్దు 8 మీటర్లు వంకర లేకుండా ఉంటే, నిలువునా నాలుగు చెక్కలు చేసి 20 సెంటీమీటర్ల చదరపు గుంజలు నాలుగు తీయొచ్చు. మాను నడిమి బొడ్డు గుంజ మధ్యలో కాకుండా మూలకు వస్తుంది కాబట్టి పగుళ్లు తగ్గుతాయి. మామూలు ఎల్‌టీ పోల్‌కు కొన దగ్గర 140 కిలోల లాగుడు లెక్క. దానికి 3 రెట్ల భద్రత వేసుకున్నా ఈ కొలత ఎక్కువే. అడుగున 20 ఉంచి, కొనకు 12 వచ్చేలా బాడిశతో సన్నం చేయిస్తే ఒక్కోటి ఎండాక 180 కిలోలకు అటూ ఇటూ ఉంటుంది. ఎనిమిది మంది భుజాన వేసుకుని ఒర్రె దాటించొచ్చు. ఆరబెట్టడం మాత్రం నీడలో, కింద దుంగలు వేసి, కొనలకు మైనం పూసి, కనీసం ఏడాది. కొనలకు మాత్రమే, ఒళ్లంతా కాదు.

కాబట్టి ఇప్పుడు చేయాల్సింది, మూడు నల్లమద్దులకూ రొమ్ము ఎత్తులో చుట్టుకొలత తీసుకో. బెరడుతో కలిపి 220 సెంటీమీటర్లకు తక్కువైతే దాని జోలికి పోకు. పైకి 8 మీటర్ల వరకు రాయి కట్టిన దారం వేలాడదీసి వంకర ఎంతుందో చూడు. మొదట్లో తొర్రలు, చెద దారులు ఉన్నాయేమో ఫొటో తీయి. సుత్తెతో నాలుగు వైపులా కొట్టి శబ్దం ఫోన్‌లో రికార్డు చేసి ఇక్కడే పెట్టు, విని చెప్తాను.